చక్రాల కుర్చీలో కూర్చుని నడక నేర్పిన డాక్టరమ్మ

ఈసారి ప్రత్యేక సంచికను ఆరోగ్యానికి కేటాయిస్తున్నామనీ, మనవాళ్ళకు ధైర్యం చెప్పే ఒక మహనీయుల జీవితం గురించి రాయమనీ మన సంఘం కార్యదర్శిగారు కోరారు. నేను రచయితను కాను. ముప్పై మూడేళ్ళు ఫైళ్ళ మీద నోట్లు రాసిన చెయ్యి నాది. అందుచేత ఈ వ్యాసంలో అలంకారాలు ఉండవు. తెలిసిన విషయాన్ని వరుసగా, తేదీల ప్రకారం విన్నవించుకుంటాను.

నేను ఎంచుకున్న వ్యక్తి డాక్టర్ మేరీ వర్గీస్. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి పేరు తెలియని తెలుగువారు ఉండరు. కాట్పాడి స్టేషనులో దిగి, రిపోర్టుల సంచీ చంకన పెట్టుకుని, ఆటోవాడితో తెలుగులోనే బేరమాడి ఆసుపత్రికి వెళ్ళిన కుటుంబాలు మన సభ్యుల్లోనే ఎన్నో ఉన్నాయి. ఆ ఊరికీ మనకీ పాత బంధుత్వమే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం మన చిత్తూరే. ఆ తరువాతే కచేరీ వెల్లూరుకు మారింది. అయితే ఆ ఆసుపత్రికి వెళ్ళొచ్చిన మనవాళ్ళలో మేరీ వర్గీస్ పేరు విన్నవారు తక్కువ. అందుకే ఈ ప్రయత్నం.

ముందుగా ఆ సంస్థ గురించి రెండు మాటలు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ కుటుంబంలో పుట్టిన డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెట్టారు. తరువాత అది పూర్తి స్థాయి మెడికల్ కాలేజీగా మారింది. మగపిల్లలను చేర్చుకోవడం 1947లో మొదలైంది. మేరీ వర్గీస్ అక్కడ డాక్టరు చదువు చదివింది ఆ రోజుల్లోనే.

ఆమె 1925 మేలో అప్పటి కొచ్చిన్ సంస్థానంలో పుట్టారు. కేరళ క్రైస్తవ కుటుంబం. చదువుల కోసం వెల్లూరు వచ్చి, డాక్టరై, అక్కడే పనిచేస్తున్నారు. జీవితం ఇక గాడిన పడింది అనుకునే వయసు. అలాంటి సమయంలో 1954 జనవరిలో తోటి డాక్టర్లతో కలిసి సరదాగా బయటికి వెళ్ళిన రోజున, ప్రయాణిస్తున్న బండి బోల్తా పడింది. మేరీ ముఖానికి పెద్ద గాయమైంది. అంతకంటే ఘోరమైనది వెన్నుపాముకు తగిలిన దెబ్బ. నడుము కింది భాగం పూర్తిగా చచ్చుబడింది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఎనిమిది.

వెన్నుపాము దెబ్బతినడమంటే ఏమిటో ఇక్కడ కొంచెం వివరించాలి. కాళ్ళు కదలవు అన్నది పైకి కనిపించే కష్టం మాత్రమే. నడుము కింద స్పర్శ ఉండదు. ఒకే పక్కన ఎక్కువసేపు పడుకుంటే ఒంటి బరువుకు చర్మం నలిగి, రక్తం ఆడక, పుండు పడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి రోగి చెప్పడు. చూసేవాళ్ళు కనిపెట్టేసరికి ఎముక దాకా పోతుంది. మూత్రం అదుపులో ఉండదు, చీము పట్టి మూత్రపిండాలకు పాకుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం ముందు వరకు ఏ దేశంలోనైనా ఇలాంటి రోగులు చాలామంది ఈ రెండు కారణాలతోనే కొద్దికాలంలో చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ రెండేసి గంటలకు రోగిని పక్కకు తిప్పించడం, మూత్రం విషయంలో శుభ్రత పాటించడం, మంచం మీదనే వ్యాయామం చేయించడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. కొత్త మందు కనిపెట్టి కాదు, క్రమశిక్షణతో చేసిన సేవ వల్ల మారింది. 1954 నాటికి మన దేశంలో అలాంటి ప్రత్యేక ఏర్పాట్లు లేవు. మేరీ గారి ప్రాణం దక్కడమే గొప్ప. మళ్ళీ డాక్టరుగా పనిచేస్తారని అనుకోవడానికి ఆధారమే లేదు.

అప్పుడు ఆమెకు దారి చూపినవారు డాక్టర్ పాల్ బ్రాండ్. ఈయన కథా చెప్పుకోదగినదే. మిషనరీ దంపతులకు 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. లండనులో ముందు వడ్రంగం, ఇళ్ళు కట్టే పని నేర్చుకుని, తరువాత సర్జనై 1946లో వెల్లూరు వచ్చారు. కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషను చేసి వంకర పోయిన వేళ్ళను మళ్ళీ పనిలోకి తేవడంలో ప్రపంచానికే దారి చూపారు. అప్పటిదాకా కుష్ఠు రోగి చెయ్యి అలా పోవలసిందేనని అందరూ అనుకునేవారు. రోగం వల్ల కొన్ని నరాలు దెబ్బతిని చేతిలోని చిన్న కండరాలు పనిచేయడం మానేస్తాయే గాని, మోచేతి కింది కండరాలు చాలావరకు బాగానే ఉంటాయని బ్రాండు గారు గమనించారు.

అక్కడే శస్త్రచికిత్సకు దారి దొరికింది. మన వేలిని వంచడానికి రెండేసి స్నాయువులు ఉంటాయి. ఒకటి తీసినా రెండవది పని నడుపుతుంది. అందుచేత మధ్యవేలి నుంచి ఒక స్నాయువును విడదీసి, దాన్ని నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్ళకూ కుడతారు. చచ్చుబడిన చిన్న కండరాలు చేయవలసిన పనిని ఇప్పుడు ఈ అరువు స్నాయువు చేస్తుంది. ఒక సెక్షనులో మనుషులు లేకపోతే పక్క సెక్షను గుమాస్తాను డెప్యుటేషను మీద పంపినట్లన్నమాట. ఈ ఆపరేషనుకు గంటల తరబడి నిలబడనక్కరలేదు. సర్జను బల్ల ముందు కూర్చునే చేస్తాడు. ఈ సంగతిని దృష్టిలో పెట్టుకునే బ్రాండు గారు మేరీని ఈ పనివైపు ప్రోత్సహించారు. కాళ్ళు పోయాయి గాని చేతులు, కళ్ళు, చదువు పోలేదు కదా!

అలా మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో ఆపరేషను థియేటరులోకి వచ్చి, కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. కుష్ఠు రోగిని ఊరి బయట పెట్టే రోజులవి. ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకున్న డాక్టరు కూడా వికలాంగురాలే అని చూసిన రోగికి ఎంత ధైర్యం కలిగి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. 1963లో అమెరికన్ రచయిత్రి డొరొతీ క్లార్క్ విల్సన్ ఈమె జీవితకథ రాసి, పుస్తకానికి టేక్ మై హ్యాండ్స్ అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. చేతి ఆపరేషను బాగా జరిగినంత మాత్రాన చెయ్యి పనిచేయదు. సుమారు మూడు వారాలు ప్లాస్టరులో ఉంచాక అసలు పని మొదలవుతుంది. నిన్నటిదాకా మధ్యవేలును వంచిన కండరం ఈరోజు నుంచి నాలుగు వేళ్ళ పని చూడాలి. ఆ కండరానికీ, దాన్ని నడిపించే మెదడుకూ కొత్త డ్యూటీ చార్టు నేర్పాలి. అది నేర్పేది ఫిజియోథెరపిస్టు. ఏ స్నాయువును ఎక్కడి నుంచి తీశారు, ఎక్కడ కుట్టారు, కుట్టు ఎన్నాళ్ళకు బలపడుతుంది అన్నవి ఆ ఫిజియోథెరపిస్టుకు తెలియాలి. తెలియక తొందరపడి లాగితే కుట్టు ఊడుతుంది. భయపడి ఊరుకుంటే స్నాయువు చుట్టుపక్కల అతుక్కుపోతుంది. ఎటు చూసినా సర్జను శ్రమ వృథాయే.

మా మనవరాలు ఫిజియోథెరపీ డిగ్రీ చదువుతోంది. రెండేళ్ళ క్రితం జనరల్ సర్జరీ పేపరు చదువుతూ, కత్తి పట్టేది మేము కాదు గదా తాతయ్యా, మాకెందుకీ పేపరు అని విసుక్కుంది. నాకు తెలిసిన మేరీ వర్గీస్ కథ చెప్పాను. తరువాత వార్డు పోస్టింగులకు వెళ్ళి వచ్చి, ఆ పేపరు ఎందుకో తనే నాకు చెప్పడం మొదలుపెట్టింది. తను చెప్పినవి మనలాంటి వయసువాళ్ళకూ పనికొచ్చేవే గనుక కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

కడుపు ఆపరేషను అయినవారు కుట్లు నొప్పి పుడతాయని దగ్గకుండా, గట్టిగా ఊపిరి తీయకుండా ఉంటే కఫం చేరి ఊపిరితిత్తులు పాడవుతాయి. దిండును పొట్టకు అదిమి పట్టుకుని దగ్గడం నేర్పాలి. ఆపరేషను తరువాత పిక్క వాచి, వెచ్చగా ఉండి, నొప్పి పుడుతుంటే లోపల రక్తం గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి. నూనె రాసి మర్దన చేయడం చాలా ప్రమాదం. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. ప్లాస్టరు కట్టాక వేళ్ళు నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేనంతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. కాలు తీసేసిన రోగికి జాలితో మొండికాలు కింద దిండు పెట్టి గంటల తరబడి ఉంచితే కీలు వంగి బిగుసుకుపోతుంది. ఆ తరువాత కృత్రిమ కాలు అమరదు. వీటిలో ఒక్కటీ కత్తితో చేసే పని కాదు. కాని శస్త్రచికిత్స అంటే ఏమిటో, గాయం ఎలా మానుతుందో తెలియనివాడు వీటిలో ఒక్కటీ సరిగా చేయలేడు.

మళ్ళీ మేరీ గారి దగ్గరికి వద్దాం. ఆపరేషన్లు చేస్తున్నా, ఆమె జీవితం ఇంకా ఇతరుల మీద ఆధారపడే ఉంది. మంచం మీద నుంచి కుర్చీలోకి మారాలన్నా మరొకరు కావాలి. ఈ స్థితి నుంచి బయటపడటానికి ఆమె ఆస్ట్రేలియాలోని పెర్తు నగరానికి వెళ్ళి, వెన్నుపాము రోగులకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే చోట చికిత్స పొందారు. తన పనులు తాను చేసుకోవడం అక్కడ అలవరచుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటిన ఒక డాక్టరు, పసిపిల్లలా లేవడం, కూర్చోవడం మళ్ళీ నేర్చుకున్నారన్నమాట. తను బాగుపడితే చాలు అనుకునేవారైతే కథ ఇక్కడితో అయిపోయేది. ఈ విద్య మన దేశంలో నాలాంటివారికి అందడం లేదే అన్న ఆలోచన ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

న్యూయార్కులో డాక్టర్ హొవార్డ్ రస్క్ అనే ఆయన ఉండేవారు. యుద్ధంలో గాయపడిన అమెరికా వైమానిక సైనికులను మంచాల మీద వదిలేయకుండా మళ్ళీ పనిలో నిలబెట్టే పద్ధతులు రూపొందించారు. రోగం రాకుండా చూడటం మొదటి మెట్టు, వచ్చినదాన్ని నయం చేయడం రెండవ మెట్టు అయితే, రోగిని తిరిగి బ్రతుకులో నిలబెట్టడం వైద్యంలో మూడవ మెట్టు అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన స్థాపించిన వరల్డ్ రిహాబిలిటేషన్ ఫండ్ ఇచ్చిన ఫెలోషిప్పు మీద మేరీ న్యూయార్కు వెళ్ళి, ఆయన సంస్థలో ఈ శాస్త్రాన్ని చదివారు. అన్ని వసతులూ ఉన్న ఆ దేశంలో స్థిరపడిపోలేదు. 1963లో వెల్లూరు తిరిగివచ్చి, ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ విభాగానికి అధిపతి అయ్యారు.

రిహాబిలిటేషన్ అన్న మాటకు తెలుగులో పునరావాసం అంటాం. మన ఆఫీసు భాషలో ఆ మాట వినగానే శ్రీశైలం ముంపు గ్రామాల ఫైళ్ళు గుర్తుకు వస్తాయి. ఆలోచిస్తే రెండూ ఒకటే. నీటిలో ఊరు పోయినవాడికి నష్టపరిహారం ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఇల్లు, పొలం, బడి, బావి ఉన్న మరో చోట నిలబెట్టాలి. ఒంట్లో సత్తువ పోయినవాడికి కూడా కుట్లు విప్పి డిశ్చార్జి చీటీ ఇస్తే సరిపోదు. మిగిలిన శక్తితో బ్రతికే దారి చూపాలి.

1966లో వెల్లూరు ఊరి బయట, కాలేజీ ఉన్న బాగాయంలో, రోగులు ఉండి శిక్షణ పొందే పునరావాస సంస్థ ప్రారంభమైంది. మన దేశంలో అలాంటి వాటిలో మొదటిదిగా దాన్ని చెబుతారు. అక్కడ రోగి మంచాన పడి ఉండటానికి రాడు, పని నేర్చుకోవడానికి వస్తాడు. చేతులతో ఒంటిని పైకెత్తి మంచం నుంచి కుర్చీలోకి జరగడం, అద్దం సాయంతో వీపు చర్మం ఎర్రబడిందేమో చూసుకోవడం, మూత్రం సంగతి తానే చూసుకోవడం, ఇనుప కాలిపర్లు కట్టుకుని రెండు కడ్డీల మధ్య నిలబడటం, చంకకర్రలతో అడుగు వేయడం, ఇలా ఒక్కొక్క మెట్టు నేర్పడమే ఇటువంటి సంస్థల పని. డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు, చేతిపనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు, కృత్రిమ అవయవాలు తయారుచేసేవారు, కుటుంబంతో మాట్లాడే సోషల్ వర్కరు కలిసి ఒక జట్టుగా పనిచేస్తారు. ఆ జట్టుకు నాయకురాలు కత్తి పట్టిన సర్జనూ, కుర్చీలో కూర్చున్న రోగీ కూడా కావడం వెల్లూరు చేసుకున్న అదృష్టం. గాయం ఎలా మానుతుందో ఆమె సర్జనుగా చదివారు. మానాక ఎన్ని కష్టాలు మిగులుతాయో తన ఒంటి మీద చూశారు. ఇదంతా నా వల్ల కాదు అనే రోగికి ఆమె ఉపన్యాసం చెప్పనవసరం లేదు. కుర్చీ నడుపుకుంటూ ఎదుటికి వస్తే చాలు.

1972లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. 1986లో ఆమె కన్నుమూశారు. ప్రమాదం జరిగిన తరువాత ముప్పై రెండేళ్ళు జీవించారు. మనలో చాలామంది సర్వీసు కూడా దాదాపు అంతే. ఆ ముప్పై రెండేళ్ళలో ఒక్క రోజు కూడా ఆమె తన కాళ్ళ మీద నడిచింది లేదు. వందల మందిని నిలబెట్టే విద్యకు మాత్రం మన దేశంలో పునాది వేశారు. ఆమె పేరు మీద వెల్లూరులో ఒక ట్రస్టు వికలాంగులకు వృత్తి శిక్షణ ఇస్తోంది. అక్కడ శిక్షణ పొంది వెళ్ళిన పాత రోగులు మళ్ళీ కలుసుకునేందుకు రిహాబ్ మేళా జరుగుతూ ఉంటుంది.

ఇదంతా నాకెందుకు పట్టింది అని మీరు అడగవచ్చు. సర్వీసులో కొన్నేళ్ళు నా సీటు మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లులు. ఆపరేషను ఖర్చు, మందులు, గది అద్దె, రక్తం, ఎక్స్‌రేలు, ఇలా కాగితాలు దొంతర్లుగా వచ్చేవి. ఆపరేషను తరువాత నడక నేర్పినందుకు ఇచ్చిన రసీదు మాత్రం నా బల్ల మీదికి వచ్చింది బహు తక్కువ. అప్పుడు దాని అర్థం నాకు తెలియలేదు. మా అన్నయ్య విషయంలో తెలిసివచ్చింది. ఆయన రిటైర్డు ఉపాధ్యాయుడు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఒక పట్టణంలోని ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. రాడ్డు చక్కగా కూర్చుందని ఫిల్ము చూపించారు. కుట్లు తీసి, విశ్రాంతి తీసుకోమని ఇంటికి పంపారు. ఎప్పుడు కూర్చోబెట్టాలో, ఎప్పుడు నిలబెట్టాలో, ఎవరు నేర్పాలో ఎవరూ చెప్పలేదు. విశ్రాంతి అంటే కదలకుండా ఉండటమనే మా వదిన, పిల్లలు నమ్మారు. ప్రేమతో అన్నీ మంచం దగ్గరికే అందించారు. మోకాలు బిగుసుకుపోయింది, నడుము దగ్గర పుండు పడింది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. అయిదో నెలలో పోయారు. ఎక్స్‌రేలో ఎముక మాత్రం అతుక్కునే ఉంది.

ఈ లోటును మన ప్రభుత్వాలూ ఆలస్యంగా గుర్తించాయి. 1992లో రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చింది. వికలాంగుల హక్కుల కోసం 1995లో ఒక చట్టం, దాని స్థానంలో 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. ఫిజియోథెరపిస్టుల వంటి వృత్తులవారి చదువుకూ ప్రమాణాలకూ 2021లో జాతీయ చట్టం చేశారు. చట్టాలు మంచివే. కాని మన ఇంట్లో మంచం పక్కన నిలబడి ఏం చేయాలో తెలిసిన మనిషి లేకపోతే గెజెటు కాగితం ఎవరినీ లేపి నిలబెట్టదు.

కనుక సభ్యులకు నాదొక మనవి. మనలో ఎవరికి ఏ ఆపరేషను జరిగినా, డిశ్చార్జి రోజున బిల్లుతోపాటు మూడు ప్రశ్నలు తప్పక అడగండి. ఎప్పటి నుంచి లేపి కూర్చోబెట్టవచ్చు? ఎప్పుడు, ఎంత బరువు మోపి నిలబడవచ్చు? ఆ వ్యాయామాలు నేర్పేది ఎవరు? జవాబులు కాగితం మీద రాయించుకోండి. రాతలో లేనిది ఉత్తర్వు కాదని మనకు తెలియనిది కాదు. తుంటి ఆపరేషను అయినవారిని సర్జను అనుమతిస్తే మరునాడే లేపి నిలబెట్టడం ఈనాడు చాలాచోట్ల జరుగుతోంది. ముసలివాళ్ళకు ఎందుకులే అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మనవలకు, మనవరాళ్ళకు చదువు ఎంచుకునే సమయంలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వంటి కోర్సులను చిన్నచూపు చూడవద్దని కూడా నా విన్నపం. డాక్టరు సీటు రాలేదని చేరే చదువు కాదది. మేరీ వర్గీస్ వంటి సర్జను ఏరికోరి ఎంచుకున్న పునరావాస రంగానికి చెందిన చదువు.

మన సంఘం నెలవారీ సమావేశంలో డి.ఎ. బకాయిల సంగతి, లైఫ్ సర్టిఫికెట్ల సంగతి ఎలాగూ మాట్లాడుకుంటాం. ఒక నెల గంటసేపు ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించి, పడిపోకుండా నడవడం, పడినా లేవడం, మంచంలో ఉన్నవారిని పక్కకు తిప్పడం మనకూ మన కుటుంబ సభ్యులకూ నేర్పించే ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. దానికయ్యే ఖర్చుకు నా వంతు చందా ఈ వ్యాసంతోపాటే కోశాధికారిగారికి పంపుతున్నాను. రసీదు ఇప్పించగలరు.